మనిషికింత

సోమవారం పొద్దున్న రొయ్యల షెడ్డులో ప్రతి ట్రేకీ ఒక నంబరు బిళ్ల కట్టి ఉంది. ఎర్ర ప్లాస్టిక్ బిళ్ల, సన్న తీగ. కృపమ్మ ట్రేకి కట్టిన బిళ్ల మీద నలభై రెండు అని ఉంది. ఆవిడ దాన్ని రెండు వేళ్లతో తిప్పి చూసి, "ఇదేటే, గేదె చెవికి కుట్టినట్టు కుట్టేరు?" అంది మాస్కులోంచి.

పక్కన నిలబడ్డ స్వప్న నవ్వలేదు. "ఇయ్యాల్టి నించి బల్ల తూకం లేదంట అత్తా. ఎవరి తూకం వారిదేనంట."

శనివారం దాకా పద్ధతి వేరు. ఒక్కో స్టీలు బల్ల చుట్టూ పన్నెండు మంది ఆడవాళ్లు నిలబడి, వలిచిన రొయ్యంతా ఒకే నీలం క్రేట్‌లో పోసేవారు. సాయంత్రం బల్లంతటికీ కలిపి ఒకటే తూకం. అందులో ఎవరిది ఎంతో కంపెనీకి తెలియదు, బల్లకి అక్కర్లేదు. ఇప్పుడు దాన్ని మనిషికి ఇంత అని విడగొట్టారు. ఆ ఇంతకి కంపెనీ పెట్టిన పేరు టార్గెట్. సూపర్‌వైజరు కీర్తి ఇంకో ఇంగ్లీషు ముక్క నేర్చుకుని అవుట్‌పుట్ అంటుంది. ఎదురుగా నిలబడే సత్యవతమ్మ వంతు అంటుంది. నిన్నమొన్నటి దాకా ఊడ్పులకు వెళ్లిన మనిషి కాబట్టి కృపమ్మ మాత్రం మునుం అంటుంది. పొలంలో ఒక్కో మనిషి వెనక్కి జరుగుతూ నాటుకురావలసిన పట్టీ పేరు అది. ఎవరు ఏ పేరు పెట్టుకున్నా రొయ్య తొక్క రొయ్య తొక్కే, ఐసు ఐసే.

కీర్తి అట్టకి పెట్టిన కాగితం చూసి గట్టిగా చదివింది. "మనిషికి ఇరవై రెండు కేజీలు. వలిచి, నరం తీసి, తోక ఉంచిన సరుకు ఇరవై రెండు. వరసగా మూడు రోజులు తక్కువొస్తే నాలుగో రోజు బస్సు ఎక్కక్కర్లేదు." ఆఖరి మాట చదివేటప్పుడు కాగితంలోంచి తల ఎత్తలేదు. ఫరంపేట పిల్ల. వాళ్లమ్మ తెరేసా, కృపమ్మ ఒకే ముఠాలో ఇరవై ఏళ్లు వరి ఊడ్చారు.

బల్లంతా ఒకసారి కృపమ్మకేసి చూసి, చూడనట్టు తలలు దించుకుంది. చూడ్డానికేముంది, అందరికీ తెలిసిందే. ఆవిడ రోజంతా నడుం ఎత్తకుండా వలిచినా పద్దెనిమిది దాటదు. యాభై తొమ్మిదేళ్ల వేళ్లు. వరి నాటడానికి అలవాటు పడ్డ వేళ్లు కిందకి గుచ్చుతాయి గానీ తొక్కకింద దూరవు. ఇన్నాళ్లూ ఆ లోటు బల్లమీద కలిసిపోయింది. ఇప్పుడు నలభై రెండో నంబరు బిళ్లకి వేలాడబోతోంది.

కృపమ్మకి ఉద్యోగం పోతే పోయింది, ఏ ఇంట్లోనో అంట్లు తోముకోవచ్చు. కానీ ఆవిడ మొగుడు జాన్‌కి కిడ్నీలు పనిచెయ్యడం లేదు. మంగళవారం, శుక్రవారం పక్కింటి సెబాస్టియన్‌తో కాకినాడ పంపి మిషను మీద పడుకోబెట్టించాలి. కంపెనీ హాజరులో కృపమ్మ పేరు ఉన్నన్నాళ్లే ఆ వైద్యానికి డబ్బు కట్టే కార్డు నడుస్తుంది. కార్డు ఆవిడ హాజరు మీద బతుకుతోంది, జాన్ కార్డు మీద బతుకుతున్నాడు.

కృపమ్మ పనిలో దిగింది. ఎడం చేత్తో రొయ్య నడుం పట్టుకుని, కుడి బొటనవేలితో తల తుంచి, కాళ్ల వైపు నుంచి తొక్క ఒక్క పట్టున తిప్పి లాగాలి. తోక దగ్గర ఆఖరి కణుపు ఉంచాలి. వీపు మీద చాకుమొనతో గీటు పెట్టి నల్ల నరం బయటికి లాగెయ్యాలి. స్వప్నకైతే ఇదంతా ఒకటే కదలిక. చూసేవాళ్లకి రొయ్య తనంతట తనే బట్టలు విప్పుకున్నట్టుంటుంది. కృపమ్మకి నాలుగు పనులు, నాలుగు ఆలోచనలు. నీళ్ల చల్లదనానికి పది దాటేసరికి వేళ్లు తనవి కానట్టయిపోయాయి.

పదకొండింటికి ఆవిడ ట్రేలో ఒక గుప్పెడు రొయ్య పడింది. స్వప్న చెయ్యి అప్పటికే తన ట్రే మీదకి వెళ్లిపోయింది. కళ్లు కూడా అటే ఉన్నాయి.

కృపమ్మ ఏమీ అనలేదు. అనకూడదు. ఊడ్పుల్లో వెనకబడ్డ మనిషి మునుంలో పక్కమనిషి నాలుగు కుదుళ్లు తన చేత్తో గుచ్చేసి జరుగుతుంది. గుచ్చిన మనిషి చెప్పదు, వెనకబడ్డ మనిషి చూడదు. నోటితో అంటే రెండోవాళ్లకి చిన్నతనం. అందరూ గట్టు దగ్గరికి ఒక్కసారే చేరతారు, అంతే. ఆ బల్ల దగ్గర ఉన్న పన్నెండు మందిలో తొమ్మిదిమంది ఆ బురదలోంచి వచ్చినవాళ్లే. పొలాలు ప్లాట్లయ్యాక షెడ్డుకి వచ్చారు. వస్తూ వస్తూ ఆ అలవాటు కూడా తెచ్చుకున్నారు.

కాసేపటికి ఎదురు నుంచి సత్యవతమ్మ చెయ్యి వచ్చి వెళ్లింది. సరే, ఇద్దరు, అనుకుంది కృపమ్మ. నాలుగు కేజీల లోటు, ఇద్దరూ చెరో రెండు వేస్తే గండం గట్టెక్కుతుంది. తల దించుకుని ఇంకా జోరుగా వలిచింది. ఐసు కోసం వెళ్లే మనిషి ఆవిడ వెనక నుంచి పోతూ ఒక క్షణం ఆగినట్టు అనిపించింది. గంబూట్లు కడుక్కుని వచ్చే మనిషి కూడా ఆగినట్టే ఉంది. మాటలాడకూడదని రూలు, పైన కెమెరా, మూతికి గుడ్డ. ఎవరు ఏమనుకుంటున్నారో ఎవరికి తెలుస్తుంది? ట్రే మాత్రం త్వరగానే నిండుతోంది. నిండినప్పుడల్లా తూకం రాసే తేజస్విని కాటా బండి తోసుకొచ్చి, తూచి, బిళ్ల నంబరు చూసి రాసుకుని పోతోంది. ఏడోసారి తూచేటప్పుడు తేజస్విని "ఏం స్పీడండి బాబూ!" అంది. కృపమ్మకి అప్పుడు మొదటిసారి భయం వేసింది.

సాయంత్రం నాలుగింటికి గోడమీద తెల్లబోర్డు మీద తూకాలు రాశారు. బల్లలో పదకొండు మందివీ ఇరవై మూడు, ఇరవై నాలుగు, స్వప్నది ఇరవై నాలుగున్నర. నలభై రెండో నంబరుకి ముప్పై ఒకటి. హాలు మొత్తం మీద అదే ఎక్కువ.

పదకొండు జతల కళ్లు మాస్కుల మీంచి ఒకరినొకరు చూసుకున్నాయి.

బస్సెక్కి మాస్కులు లాగేశాక గానీ సంగతి తేలలేదు. "నేను నాలుగైదు గుప్పిళ్లే ఏసేనమ్మా," అంది సత్యవతమ్మ. "నేనూ అంతే, ఇంకెవరూ ఎయ్యరేమో అని," అంది స్వప్న. "నేనూ ఏసేను." "నేను ఐసుకెళ్లినప్పుడల్లా ఏసేను." పదకొండు మందీ వేశారు. ఎవరికి వాళ్లు తానొక్కర్తే అనుకుని వేశారు. ముందు ఎవరు నవ్వారో గానీ బస్సు బస్సంతా పగలబడి నవ్వింది. సత్యవతమ్మ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, "ఓసి వదినా, నిన్ను ఒడ్డున పడేద్దామని తోసి తోసి కొండెక్కించేసేమే!" అంది. కృపమ్మ కూడా నవ్వింది. ఇంత మంది తన గురించి ఆలోచించారా అని ఆవిడకి గుండె నిండిపోయింది. కనకాలపేట మలుపులో దిగి ఇంటికి నడుస్తుంటే కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. ఆ సాయంత్రం ఒక్కటే అలా ఉన్నాయి.

మంగళవారం పదింటికి హాల్లో మిషన్లు ఆపించారు. కొత్త మేనేజరు వచ్చాడు. వెనక ఒక మనిషి చేతిలో పళ్లెం, పళ్లెంలో శాలువా. చేతులు కడిగించి, ఏప్రను మీదే కప్పించి, కృపమ్మని బోర్డు పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. ఐసునీళ్ల వాసన కొట్టే ఒంటి మీద జరీ శాలువా.

మేనేజరు చెడ్డవాడేం కాదు. అందర్నీ అండి అనే మనిషి. "చూడండమ్మా," అన్నాడు. "ఈ వయసులో ఈవిడ ముప్పై ఒకటి తీశారు. మనలో శక్తి ఉంది, మనకే తెలియడం లేదంతే. చెప్పండి కృపమ్మగారూ, ఎలా చేశారు?"

మైకు నోటి దగ్గరికి వచ్చింది. అప్పుడు చెప్పొచ్చు. నావి కాదు బాబూ, వీళ్లంతా తలో గుప్పెడూ వేశారు అంటే అయిపోయేది. కానీ అంటే తను పద్దెనిమిది కేజీల మనిషేనని తేలిపోతుంది, కార్డు కళ్ల ముందు కదిలింది. పైగా అది నోటితో అనకూడని మాట. ఆవిడ "అంతా దేవుని కృపండి," అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. తమ బల్ల వాళ్లే ముందు కొట్టారు, గండం గడిచిందని. తడి గ్లౌజుల చప్పట్లు చెంపల మీద కొట్టినట్టు వినిపించాయి కృపమ్మకి. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పేటప్పుడు తప్ప ఆ మాట వాడని మనిషి, అబద్ధానికి వాడింది.

చప్పట్లు ఆగాక మేనేజరు మిగతాది చెప్పాడు. "రేపటి నుంచి మనిషికి ముప్పై. ముప్పై ఒకటి అడగటం లేదు, ఒకటి తగ్గించాం." కీర్తి బోర్డు మీద ముప్పై దగ్గర అడ్డంగా ఎర్రగీత గీసి, పక్కన కృపమ్మ అని రాసింది. ఫొటో ప్రింటు వచ్చాక అక్కడే అంటించారు.

బుధవారం బల్ల దగ్గర గుప్పెళ్లు లేవు. ఉండవు కదా. ఎవరి ట్రే వాళ్లకే నిండడం లేదు. ముప్పై తీరనివాళ్లు నాలుగింటి బస్సు వదిలేసి ఆరున్నర బస్సుకి రావాలన్నారు. ఆ రెండున్నర గంటలూ వలిచి వలిచి స్వప్న ముప్పై అందుకుంది. సత్యవతమ్మ ఇరవై ఎనిమిది దగ్గర చాకు కింద పడేసి, "ఇంక నా వల్ల కాదు," అని బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. కృపమ్మ ఇరవై చేసింది. అది ఆవిడ జన్మలో ఎన్నడూ చెయ్యని పని. అయినా బోర్డు మీద ఆవిడ ఫొటో కిందనే ఆవిడ ఇరవై చూస్తే ఎవరిదో వేరే మనిషిదిలా ఉంది.

తిరుగు బస్సులో నవ్వులు లేవు. వెనక సీట్లో వేరే బల్ల మనిషి ఒకావిడ అంది: "ముసల్దానికెందుకో అంత ఆత్రం. రికార్డులు కొట్టి మా పీకల మీదకి తెచ్చింది." కృపమ్మ బల్ల వాళ్లు పదకొండు మందీ ఉన్నారు. ఎవరూ తిరిగి సమాధానం చెప్పలేదు. ఏమని చెబుతారు? నిజం చెప్తే అందరికీ తంటా. కృపమ్మ కిటికీలోంచి గోదారి వైపు చూస్తూ కూర్చుంది. స్వప్న మాత్రం చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలింది.

గురువారం ఆ చేతికే దెబ్బ తగిలింది. తొందరలో తల తుంచుతుంటే రొయ్య కొమ్ము స్వప్న బొటనవేలి గోరు సందున దిగి లోపల విరిగింది. పిన్నీసుతో తీసుకుని, నీళ్లలో కడుక్కుని, మళ్లీ పనిలో పడింది. మధ్యాహ్నానికి వేలు వంకాయలా వాచింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఆరున్నరకి ఇరవై నాలుగు. "ఇంకో రెండ్రోజులు ఇలా అయితే నా సంగతి తేలిపోద్ది అత్తా," అంది ఏడవకుండా. ఏడ్చినా బాగుండేది.

చేతులు కడుక్కుంటున్న కృపమ్మని కీర్తి గొట్టం దగ్గరే ఆపింది. చుట్టూ ఎవరూ లేరు.

"నిన్న ఇరవై, ఇవాళ పద్దెనిమిది. ఒంట్లో బాలేదా పెద్దమ్మా?"

కృపమ్మ గొట్టం కట్టేసింది. "నీకు తెలీదా అమ్మా?"

కీర్తి గోడకేసి చూసింది. "తెలుసు. సోమవారం కెమెరాలో చూసేను. మా అమ్మ మునుంలో మీరెన్ని కుదుళ్లు నాటేరో కూడా తెలుసు. నేను కడుపులో ఉన్నప్పుడు గట్టు మీద కూచోబెట్టి మునుమంతా మీరే లాక్కొచ్చేరని అమ్మ ఇప్పటికీ చెప్తాది."

"మరి తెలిసీ ఎందుకు రాసేవే?"

"తూకం వచ్చింది పెద్దమ్మా, రాసేను. హాలు మీద పది శాతం పెంచాలని నాకూ టార్గెట్ పెట్టేరు. మీ తూకం చూసి దేవుడు పంపేడనుకున్నాను." ఆ పిల్ల కళ్లు తుడుచుకోబోయి, చేతికి రొయ్యనీళ్లున్నాయని గుర్తొచ్చి ఆగింది. "మీరు పైకెళ్లి చెప్పకండి. మీకూ మంచిది కాదు, నాకూ కాదు. మీ ఫొటో ఉన్నన్నాళ్లు మిమ్మల్ని ఎవరూ తియ్యరు. తక్కువొచ్చినా నేను ఏదోటి చూసుకుంటాను."

అంటే పదకొండు మందీ మునిగితే తనొక్కతీ తేలుతుంది. ఆ మాట ఆ పిల్ల ప్రేమగానే చెప్పింది. అది తలుచుకుంటేనే కృపమ్మకి కంపరం పుట్టింది.

ఇంటికెళ్లి జావ కాచి జాన్ ముందు పెట్టింది. ఆయన మంచం మీద కూర్చుని, ఉబ్బిన పాదాలు నేలకి ఆనించి, చెంచాతో కొలుచుకు తాగుతున్నాడు. నీళ్లు కూడా ఆయనకి రోజుకి ఇంత అని కొలతే. సంగతంతా విన్నాడు.

"చెప్తే ఏటవుద్ది?"

"నన్ను తీసేత్తారు."

"చెప్పకపోతే?"

"స్వప్నని తీసేత్తారు. సత్యవతమ్మ వదిన్ని కూడా తీసేత్తారు. మిగతావోళ్లు ఆ ముప్పై కింద నలిగిపోతారు."

జాన్ చెంచా గిన్నెలో పెట్టేశాడు. ఒకప్పుడు వేటకెళ్లి గాలివానలో పడవ తిప్పుకొచ్చిన మనిషి. చిన్నపిల్లాడిలా అన్నాడు. "చెప్పకే."

ఆవిడకి కోపం వచ్చింది. ఆ కోపం వచ్చినందుకు ఇంకా ఏడుపొచ్చింది. బతకాలనుకోవడం తప్పా? ఆయన అడిగింది బతుకే కదా. గిన్నె కడుగుతూ, చేతులు తుడుచుకుంటూ, ప్రార్థనకి మోకాళ్ల మీద కూర్చుని కూడా అదే ఆలోచించింది. ప్రార్థనలో ఏ మాట మొదలుపెట్టినా మంగళవారం మైకులో అన్న మాటే ముందు వచ్చి నిలబడుతోంది. చివరికి ఏమీ అడక్కుండానే లేచింది.

శుక్రవారం కాకినాడకి జాన్‌ని పక్కింటి సెబాస్టియన్‌తో పంపించి తను షెడ్డుకి వెళ్లింది. భోజనం వేళ శాలువా సంచిలో పెట్టుకుని ఆఫీసు గదిలోకి నడిచింది. మేనేజరు టిఫిను డబ్బా మూత తీస్తున్నాడు. "రండి కృపమ్మగారూ, కూర్చోండి," అన్నాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఆ ముప్పై ఒకటీ నాది కాదు బాబూ. నా చేతికి పద్దెనిమిదే. తక్కింది మా బల్ల వోళ్లు తలో గుప్పెడూ ఏసేరు. ఒకళ్లేసింది ఒకళ్లకి తెలీదు."

ఆయన నమ్మలేదు. "పదమూడు కేజీలండీ! ఎవరేనా పదమూడు కేజీలు పక్క మనిషికి ఇచ్చేస్తారా?"

రాత్రి పక్క మీద దొర్లుతూ కూడబెట్టుకున్న మాట కృపమ్మ అప్పుడు బయటపెట్టింది. "సోమవారం మా బల్ల పన్నెండు మందివీ కూడి చూడండి బాబూ. అంతకు ముందు వారం బల్ల తూకం కూడా చూడండి. పెరిగిందేమో చెప్పండి."

ఆయన డబ్బా పక్కకి జరిపి కంప్యూటరులో చూశాడు. వేలితో తెరమీద ఒకటికి రెండుసార్లు పైకీ కిందకీ వెళ్లాడు. అంతకు ముందు శనివారం రెండువందల ఎనభై ఎనిమిది, సోమవారమూ రెండువందల ఎనభై ఎనిమిది. ఒక్క గుప్పెడు కూడా పెరగలేదు. కృపమ్మకి ఆ తెరమీద అంకెలు చదవడం రాదు గానీ ఆయన మొహం చదవడం వచ్చింది. నమ్మాడు. దేవుడా, నమ్మాడు, అనుకుంది. ఇక తగ్గిస్తాడు.

"మీరు చెప్పింది నిజమేనండి," అన్నాడు మెల్లగా.

"మరి ఆ గీత తుడిపించండి బాబూ."

"అదెలా కుదురుతుంది?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ముప్పై అని పైకి పంపేశాం. వాళ్లు దాని మీద ఆర్డర్లు ఒప్పుకున్నారు. మూడో హాల్లో నిన్న ఐదుగురు ముప్పై దాటారు కూడాను. మీరు చెయ్యలేదు సరే. కానీ వాళ్లు చేశారు కదా? అంటే అయ్యే పనేనన్నమాట."

అయ్యే పనే. ఆ ఐదుగురూ ఇరవయ్యేళ్ల పిల్లలు, ఎన్నాళ్లు అవుతుంది? కృపమ్మ సంచి విప్పింది. శాలువా తీసి బల్ల మీద పెట్టింది.

"అది ఉంచుకోండి," అన్నాడాయన ఇబ్బందిగా. తరవాత ఇంకో కాగితం తీశాడు. తూకంలో మోసం అని రాస్తే ఇంకెక్కడా పని దొరకదు, అలా రాయబుద్ధి కావడం లేదు, కాబట్టి ఒంట్లో బాగాలేక తనంతట తనే మానేస్తున్నట్టు సంతకం పెట్టమన్నాడు. కార్డు కొన్ని నెలలు నడుస్తుందట, ఆ తరవాత ఆగిపోతుందట. ఆ కొన్ని నెలలు అన్న మాట ఆయన ఉపకారంలా చెప్పాడు. కృపమ్మ సంతకం పెట్టింది. సండే స్కూల్లో నేర్చుకున్న సంతకం, కృపమ్మ అని మూడు అక్షరాలు విడివిడిగా వేసింది.

శనివారం పొద్దున్నే స్వప్న ఇంటికి వచ్చింది. డ్యూటీకి వెళ్లాల్సిన వేళ. బొటనవేలికి పెద్ద కట్టు, ఇంకో చేతిలో మడత కాగితం. గుమ్మంలోనే నిలబడింది.

"ఎందుకు చెప్పేవత్తా?"

"నీ గురించేనే."

"నా గురించా!" ఆ పిల్ల కాగితం విప్పి మొహం ముందు పెట్టింది. "పదకొండు మందికీ ఇచ్చేరు. తూకం మార్చినందుకు వార్నింగంట. బల్ల బల్లంతా విడగొట్టేసేరు. తలో హాల్లో తలో మూలకి. ఇంక ఎవరి పక్కన ఎవరుంటారో తెలీదు. నిన్న సాయంత్రం నుంచి చెయ్యి పక్కకి జరిగితే చాలు, కెమెరా వోడు మైకులో నంబరు పెట్టి పిలుత్తున్నాడు. కీర్తిని ప్యాకింగులోకి తోసేసేరు." ఊపిరి తీసుకుని, గొంతు తగ్గించి అంది. "నేను ఇయ్యాల్టి నించి ఎల్లట్లేదు. ఈ ఏలుతో ఎలాగా కాదు."

మంచికి పోతే చెడు ఎదురైందని ఊరికే అన్నారా. కృపమ్మ చెయ్యి చాపింది, ఆ కట్టు వేలు చూద్దామని. స్వప్న చెయ్యి ఇవ్వలేదు. కోపంతో కాదు, నొప్పి పుడుతుందని. కానీ ఆ క్షణంలో కృపమ్మకి అది కోపంలాగే తోచింది. ఇంకేమైనా అనుకునేలోపే స్వప్న మెట్లు దిగిపోయింది.

నెల దాటింది. ఒక శుక్రవారం సాయంత్రం కాకినాడ నుంచి వచ్చి, యానాంలో బస్సు దిగి, కృపమ్మ, జాన్ కనకాలపేటకి షేర్ ఆటో ఎక్కారు. మిషను మీద నుంచి లేచిన రోజు ఆయనకి కళ్లు తెరిచే ఓపిక ఉండదు. ఆవిడ భుజం మీద తల వాల్చి పడుకున్నాడు. ఎదుటి సీట్లో పంతొమ్మిదేళ్ల పిల్ల ఫోను చెవికి పెట్టుకుని కూర్చుంది. వేళ్ల కొసలు తెల్లగా నాని, ముడతలు పడి ఉన్నాయి. ఎక్కడ పనిచేస్తోందో చెప్పక్కర్లేదు.

"లేదే, ఇవాళ కూడా కృపమ్మ అవలేదు," అంటోంది ఫోనులో. "ఇరవై ఆరు దగ్గర ఆగిపోయేను. రెండో బస్సుకి ఉండాల్సింది, జొరం వచ్చిందని పంపేసేరు. మూడు రోజుల్నించీ కృపమ్మ అవట్లేదు నాకు... ఆ, సుజాతకి ముప్పావు కృపమ్మే అయ్యిందంట, దాన్ని తీసేసేరు... సరే, ఉంటాను."

జాన్ కళ్లు తెరిచాడు. కృపమ్మ కొంగు సర్దుకుంది. సర్దాల్సిన పనేం లేదు.

"నీ పేరేంటమ్మా?"

"సత్యశ్రీ అండి. అగ్రహారం."

"ఏదో అవలేదంటున్నావు?"

"ఓ, అదాండి!" ఆ పిల్ల అలసిపోయిన మొహంతోనే నవ్వింది. "రోజుకి తియ్యాల్సిన రొయ్య అండి మామ్మగారూ. ముప్పై కేజీలు. దాన్ని కృపమ్మ అంటారు."

"ఎందుకలా అంటారు?"

"ఏమోనండి. నేను చేరినప్పటి నించీ అలాగే అంటన్నారు. బోర్డు మీద ఎర్రగీత పక్కన రాసుంటాదండి, ఏదో ఫొటో పీకేసిన మరక పక్కన. ఓనరుగారి అమ్మగారి పేరని మా హాల్లో అంటారు. కొంతమంది ఇంగ్లీషు మాటేమో అంటారు." తెల్లగా నానిన వేళ్లు ఒళ్లో ముడుచుకుని చూసుకుంది. "పేరేదైతే ఏటిలెండి, పొద్దున్న లేత్తానే దాన్ని తిట్టుకుంటామండి. హాలు హాలంతా తిట్టుకుంటాది. పాపం మీరు ఆస్పత్రి నించి వత్తన్నారా? తాతగారికి ఒంట్లో బాలేదా? మీ పేరేంటండి?"

ఆటో గుంతలో పడి లేచింది. జాన్ తల భుజం మీంచి జారితే కృపమ్మ పట్టుకుని మళ్లీ ఆనించుకుంది. ఆయన ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు.

"ఈయన జాన్‌గారమ్మా," అంది. "నేను ఈయన ఆడమనిషిని."